ఫోనులో గుమాస్తా, పాత పెళ్ళిళ్ళ మేళం

తెలివిగలవాళ్ళు ఏ ఊళ్ళోనైనా ఒకరో ఇద్దరో ఉంటారు. వెలగలమెట్టలో మాత్రం ఒకే ఇంట్లో నలుగురున్నారు. ఈ మాట నేననడం లేదండీ. ఆ నలుగురే అంటారు.

ఇంటి పెద్ద గవరయ్య. క్లారినెట్టు ఊదుతాడు. ఆయన భార్య అచ్చియ్యమ్మ తాళాలు వేస్తుంది. ఆయన తమ్ముడు తాతాలు డ్రమ్ము కొడతాడు. అచ్చియ్యమ్మ తమ్ముడు పోసిబాబు బాకా ఊదుతాడు, ట్రాలీ ఆటో కూడా నడుపుతాడు. నలుగురూ కలిస్తే విజయలక్ష్మీ బ్యాండు మేళం. చుట్టుపక్కల ఎవరికి పెళ్ళయినా, ఎవరు కొత్తింట్లోకి వెళ్ళినా, ఎవరు సర్పంచిగా గెలిచినా, ఎవరు కాలం చేసినా వీళ్ళే వెళ్ళాలి. వాయించడంలో వంక పెట్టడానికి లేదు. వాయించడం ఆపి మాట్లాడటం మొదలుపెడితేనే చిక్కు.

ఒకసారి ఒక పెళ్ళివారు, "కాస్త చెవికి ఇంపుగా వాయించండి బాబూ" అన్నారు. అంతే. పోసిబాబు బాకా తీసుకెళ్ళి పెళ్ళికొడుకు మేనమామ చెవికి ఆనించి ఊదాడు. ఆ మేనమామని ఇప్పటికీ ఎడమవైపు నుంచి పిలిస్తే పలకడు.

"చెవికి అన్నారు, చెవికే ఊదాం. చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాళ్ళు మనం కాక ఈ జిల్లాలో ఎవరున్నారే?" అన్నాడు గవరయ్య ఇంటికొచ్చి.

"ఎవరూ లేరండీ. దిష్టి తగులుద్దేమో అని నా భయం" అని అచ్చియ్యమ్మ ఉప్పు, మిరపకాయలు తీసి నలుగురికీ దిష్టి తీసింది. అయిదోసారి బాకాకి తీసింది.

ఇలాంటి ఇంట్లో ఒక శుభకార్యం వచ్చిపడింది. నలభయ్యో పడిలో పడిన తాతాలుకి పెళ్ళి కుదిరింది. ఊళ్ళో అందరి పెళ్ళిళ్ళకీ డ్రమ్ము కొట్టి కొట్టి, ప్రతి పెళ్ళిలోనూ ఆఖరి పంక్తిలో భోంచేసి, బండెక్కి ఇంటికొచ్చేసే మనిషి. తనకీ ఒకరోజు పెళ్ళవుతుందని అనుకోనేలేదు. పెళ్ళికూతురు కొత్తలంక పల్లాలయ్య గారి కూతురు వరహాలు. జాకెట్లు కుడుతుంది. పెళ్ళిచూపుల్లో, "నీకేం వచ్చు?" అని అడిగితే తాతాలు తల వంచుకుని, "డ్రమ్మొక్కటే వచ్చండి. ఇంకేం రాదండి" అన్నాడు. అంతకుముందు వచ్చిన సంబంధాలవాళ్ళంతా అన్నీ వచ్చన్నవాళ్ళే. ఈ ఒక్కడే నిజం చెప్పాడని వరహాలు ఒప్పుకుంది. నాక్కూడా తాతాలంటే ఇష్టమే. తెలివి సంగతి పక్కన పెడితే, అంత మంచివాడు దొరకడు.

పెళ్ళి ఆదివారం. ముహూర్తం పొద్దున్నే. గవరయ్యకి దిగులు పట్టుకుంది.

"ఎవరింట్లో పెళ్ళయినా వాళ్ళొచ్చి మనకి గుర్తుచేస్తారు. మనింట్లో పెళ్ళి మనకెవరు గుర్తుచేస్తారు? మర్చిపోతేనో?"

నిజమే కదా అని నలుగురూ భయపడిపోయారు. తాతాలు మొహం మరీ చిన్నబోయింది. శుక్రవారం పొద్దున్నే మెయిన్ రోడ్డు మీద జిరాక్సు కొట్టు నడిపే సుభాషిణి దగ్గరికి పరిగెత్తారు.

సుభాషిణి విషయం విని నవ్వాపుకుని, గవరయ్య ఫోనులో ఏదో ఎక్కించింది. "ఇది ఫోనులో ఉండే గుమాస్తా అనుకోండి. ఏ పని ఏ రోజో చెప్పిపెడితే, ముందురోజు మీ ఫోన్లకీ, పిలిచినవాళ్ళ ఫోనుకీ తనే కబురు పంపుతుంది. పని అయ్యాక 'అయిపోయింది' అని నొక్కాలి. తాతాలు గారి పెళ్ళి ఎక్కించాను. ఎవరింటికి ఎప్పుడెళ్ళారో చూసుకుందురని మీ పద్దు పుస్తకంలో ఉన్న పాత పనులన్నీ కూడా ఎక్కించాను. ఇంక ఒక్కటే మిగిలింది. ఎప్పటి నుంచి మొదలుపెట్టాలని అడుగుతుంది. తేదీ వేసి, ఆన్ నొక్కండి. రేపు సాయంత్రం దాకా అది నోరు మెదపదు, దాని జోలికి వెళ్ళకండి."

అంతలో జిరాక్సులకి జనం వచ్చారు. వీళ్ళు గుమాస్తాని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చారు.

అచ్చియ్యమ్మ ముందు విస్తరి వేసింది. "కొత్తగా పనిలోకి వచ్చాడు. తిండి పెట్టకుండా పని చేయించుకుంటే ఊళ్ళో ఏమనుకుంటారు?" అని ఫోనుని పీట మీద కూర్చోబెట్టి పప్పన్నం, దోసకాయ పచ్చడి వడ్డించింది. గుమాస్తా ముట్టుకోలేదు.

"మొహమాటం. మంచి ఇంటి నుంచి వచ్చాడు" అన్నాడు పోసిబాబు.

భోజనాలయ్యాక గవరయ్య కళ్ళజోడు పెట్టుకుని ఫోను చూశాడు. 'ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?' అని ఉంది.

"ఇవాళ్టి తేదీ వెయ్యి బావా" అన్నాడు పోసిబాబు.

"ఇవాళ్టి తేదీయా? మన మేళం ఇవాళ పుట్టిందా? ఇవాళని వేస్తే గుమాస్తా మనల్ని నిన్నా మొన్నా బయలుదేరిన కుర్రమేళం అనుకోడూ?" గవరయ్యకి పౌరుషం వచ్చింది. గోడ మీద తండ్రి ఫోటో ఉంది. కొత్త క్లారినెట్టుతో నిలబడి తీయించుకున్నది. దాని కింద మేళం పెట్టిన రోజు తేదీ రంగుతో రాసి ఉంది. గవరయ్య ఆ ఫోటోకి దణ్ణం పెట్టి, ఆ తేదీయే వేశాడు. "ఇప్పుడు తెలుస్తుంది వీడికి, ఎలాంటి ఇంట్లో పనికి చేరాడో!"

ఆన్ నొక్కాడు.

రేపు సాయంత్రం దాకా నోరు మెదపదని సుభాషిణి చెప్పిందా? నొక్కిన వేలు ఇంకా తీయనేలేదు, టింగ్ మంది. మళ్ళీ టింగ్. ఆ తరువాత ఆగలేదు. నాలుగు ఫోన్లూ కలిసి టింగు టింగుమంటూ పీటల మీద గెంతడం మొదలుపెట్టాయి. పెరట్లో కోళ్ళు గోడెక్కాయి. పోసిబాబు బాకా అందుకుని శ్రుతి కలపబోయాడు.

చివరికి గవరయ్య ఒక్కొక్కటే చదివాడు. "రేపు ఉదయం ఏడు గంటలకు కర్రి వీరన్న గారి పెళ్ళి. రేపు ఉదయం ఏడు గంటలకు మేడిశెట్టి వారి గృహప్రవేశం. రేపు ఉదయం ఏడు గంటలకు సర్పంచి నాగన్న గారి గెలుపు ఊరేగింపు..."

జరిగిందేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. మేళం పెట్టిన రోజు నుంచీ పని మొదలుపెట్టమన్నారు. అన్నేళ్ళుగా తను పంపని కబుర్లన్నీ గుమాస్తా ఒక్కసారే పంపేసింది, పిలిచినవాళ్ళకి కూడా. మీకు అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆ ఇంట్లో మాత్రం ఇంకోలా అర్థమైంది.

"చూశారా, ఎంత పనిమంతుడో! రేపటిదాకా ఆగలేకపోయాడు" అన్నాడు గవరయ్య.

తాతాలు బుర్ర గోక్కున్నాడు. "అన్నయ్యా, వీరన్న గారి పెళ్ళికి మన నాన్న వాయించేశాడు కదా?"

"వాయించినట్టు గుమాస్తాకి తెలుసా?"

"తెలీదు."

"గుమాస్తాకి తెలియని పని జరిగినట్టా, జరగనట్టా?"

"జరగనట్టే" అన్నాడు పోసిబాబు.

"వీరన్న గారికి మనవలున్నారు అన్నయ్యా..."

"మనవలుంటే ఉండనీ. ముందు పెళ్ళి బాకీ ఉంది."

తాతాలు ఇంకా ఏదో అనబోయి ఆగాడు. తన సంగతి గుర్తొచ్చింది. "మరి నా పెళ్ళో?"

"నీది మొన్న కుదిరింది. వీళ్ళంతా నీకంటే ముందు పిలిచినవాళ్ళు. వరసలో ముందున్నవి కాకుండా నీది చేస్తే, సొంత తమ్ముడి పెళ్ళని అన్యాయం చేశాడంటారు. ఇవన్నీ అయ్యాకే నీది."

తాతాలు గుడ్ల నీళ్ళు కుక్కుకున్నాడు. న్యాయం న్యాయమే మరి, ఏమంటాడు?

ఇంకో చిక్కు వచ్చింది. పనులన్నీ పొద్దున్న ఏడింటికే ఉన్నాయి. ఇన్ని ఇళ్ళకి ఏడింటికే ఎలా వెళ్ళడం? అందరూ తల పట్టుకున్నారు. అచ్చియ్యమ్మే దారి చెప్పింది.

"ఎనిమిది కాకుండా చూసుకుంటే సరి."

అంతే! శనివారం పొద్దున్న సరిగ్గా ఏడింటికి పోసిబాబు గోడ గడియారం దింపి, బ్యాటరీ పీకేసి, ట్రాలీ ఆటోలో డ్రమ్ము పక్కన నిలబెట్టి తాడుతో కట్టాడు. ఇక ఎన్నిళ్ళు తిరిగినా ఏడే. తన భార్యకి ఇంత తెలివి ఉందని గవరయ్యకి ఆ రోజే తెలిసింది. రోడ్డు పట్టుకుని పోతూ, ఏ ఊరొస్తే ఆ ఊరి పని చేసేద్దామని బయలుదేరారు.

ముందు వీరన్న గారిల్లు. ఆయన అరుగు మీద కూర్చుని పళ్ళు లేని నోటితో ఇడ్లీ చప్పరిస్తున్నాడు. మేళం గుమ్మంలో పెళ్ళి వాయిద్యం ఎత్తుకుంది. ఆయన భార్య మంగాయమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది.

"ఎవరికిరా పెళ్ళి?"

"వీరన్న గారికండి. గుమాస్తా చెప్పాడండి."

"ఈ వయసులోనా? ఎవరితో?"

పోసిబాబు ఫోను చూసి, "మంగాయమ్మ అనే అమ్మాయితో అండి" అన్నాడు.

మంగాయమ్మ ముసలాయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "మళ్ళీ ఈయనేనా? ఈసారైనా కాస్త ఆలోచించుకోనివ్వండి" అని లోపలికి పోయి తలుపేసుకుంది. వీరన్న గారు తలుపు దగ్గర నిలబడి బతిమాలడం మొదలుపెట్టారు. మేళం వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. చివరికి ఆవిడ తలుపు ఓరగా తీసి, రోజూ కాఫీ తనే కలుపుకుంటానని ఆయన చేత ఒట్టు వేయించుకుని బయటికొచ్చింది. గవరయ్య 'అయిపోయింది' అని నొక్కాడు.

తరువాత మేడిశెట్టి వారి గృహప్రవేశం. ఆ మేడిశెట్టి వారు ఎప్పుడో అమ్ముకుని వెళ్ళిపోయారు. ఇప్పుడా ఇంట్లో ఎరువుల కొట్టు ఉంది. ఉంటే ఏం? గృహప్రవేశమంటే ముందు ఆవు వెళ్ళాలి, పాలు పొంగాలి. రోడ్డు మీద పోతున్న ఆవునొకదాన్ని అదిలించి కొట్లోకి తోలారు. వెనకాల అచ్చియ్యమ్మ తాళాలు వాయించింది. ఇంకేముంది, ఆ చప్పుడుకి ఆవు బెదిరి యూరియా బస్తాల మీదికెక్కింది. బస్తాలు దొర్లి తూకం మీద పడ్డాయి. కొట్టు యజమాని గల్లాపెట్టె మీదికెక్కి కూర్చున్నాడు.

"ఏంటయ్యా ఇది?"

"మీరు దిగకండి, మంచి చోటే కూర్చున్నారు. పాలు ఏ దిక్కుకి పొంగుతాయో కనపడుద్ది" అని అచ్చియ్యమ్మ వెంట తెచ్చిన స్టవ్వు వెలిగించి పాలు పెట్టింది. పాలు తూర్పుకి పొంగాయి. యజమాని నాలుగు దిక్కులకీ పొంగాడు. ఆయన తూకంరాయి అందుకునే లోపల వీళ్ళు 'అయిపోయింది' అని నొక్కి బండెక్కారు.

పక్క ఊళ్ళో నాగన్న గారిని భుజాల మీద ఎత్తుకున్నారు. ఆయన సర్పంచిగా గెలిచింది ఒకప్పుడు. మొన్నటి ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయి, అప్పటి నుంచీ గడప దాటడం లేదు. ఒక్కసారిగా మేళమొచ్చి ఎత్తుకుని, "నాగన్న గారికీ..." అనేసరికి, ఓట్లు మళ్ళీ లెక్కపెట్టారనుకున్నాడు పాపం. చేతులు జోడించి అందరికీ దణ్ణాలు పెట్టాడు. సెంటర్లో ఆగి మైకు లేకుండానే మాట్లాడాడు, రోడ్డేయిస్తానన్నాడు. ఇప్పుడున్న సర్పంచి డాబా మీద నిలబడి వింటున్నాడు. వినేసి మనుషుల్ని పంపించాడు. మేళం అక్కడి నుంచి ఎంత వేగంగా బయలుదేరిందంటే, నాగన్న గారిని దింపడం కూడా మర్చిపోయి సగం దారి తీసుకెళ్ళిపోయారు.

ఆ రోడ్డు చివర కొత్తలంక. కొత్తలంకలో చెయ్యాల్సిన పనేమిటో చదివి గవరయ్య ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. నెత్తి మీది టోపీ తీసేశాడు.

"తమ్ముడూ, గుండె దిటవు చేసుకో. మీ మావగారు పోయారు."

ఫోనులో ఉంది మరి. 'రేపు ఉదయం ఏడు గంటలకు కొత్తలంక పల్లాలయ్య గారి అంతిమయాత్ర.'

దీని కథ వేరు. కొన్నేళ్ళ కిందట పల్లాలయ్య గారు జబ్బుపడి మాటాపలుకూ లేకుండా అయిపోతే, ఆయన అన్నగారు కంగారుపడి ఆయన ఫోను నుంచే మేళానికి చెప్పేశారు. మేళం చేరేసరికి పల్లాలయ్య గారు లేచి కూర్చుని గంజి తాగుతున్నారు. వీళ్ళు వెనక్కొచ్చేశారు. వాయించలేదు కాబట్టి ఆ పని అలాగే ఉండిపోయింది.

తాతాలు బావురుమన్నాడు. "మొన్న పసుపు దంచినప్పుడు కూడా నాకు అరటిపండు పెట్టారు అన్నయ్యా! ఎంత మంచి మనిషి!"

అక్కడ పల్లాలయ్య గారి వాకిట్లో పెళ్ళిపందిరి వేస్తున్నారు. ఆయన చేతికర్రతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నిన్నటి నుంచీ అక్కడే ఉన్నాడు. 'రేపు మీ అంతిమయాత్ర, కాఫీలు సిద్ధంగా ఉంచగలరు' అని తన ఫోనుకొచ్చిన కబురు ఏ శత్రువు పంపాడో చూద్దామని కాపలా కాస్తున్నాడు. వీధి మలుపులో విషాద వాయిద్యం వినపడింది. ముందు గవరయ్య తల వంచుకుని క్లారినెట్టు ఊదుతున్నాడు. వెనకాల కాబోయే అల్లుడు ఒక్కో దెబ్బా వేస్తూ, ఒక్కో దెబ్బకీ ఒకసారి ఏడుస్తున్నాడు.

"ఎవరు పోయార్రా?" అన్నాడు పల్లాలయ్య గారు లేచి.

"మీరేనండి" అన్నాడు తాతాలు వెక్కుతూ. "ఇంత అన్యాయంగా వెళ్ళిపోతారనుకోలేదు మావయ్య గారూ."

"నేనిక్కడే ఉన్నాను కదరా!"

"అదే చెప్తన్నాం. ఉండకూడదండి. మీ పని ఎప్పుడో అయిపోవాల్సింది, మిగిలిపోయింది. మాదీ కొంత తప్పుందిలెండి" అన్నాడు గవరయ్య ఎంతో మర్యాదగా.

పల్లాలయ్య గారికి ఒళ్ళు మండిపోయింది. పందిరి గుంజ వణికేలా అరిచాడు. "పెళ్ళి ముందురోజు గుమ్మంలో చావుమేళమా! ఫోండి! నేను బతికుండగా ఈ పెళ్ళి జరగదు!"

నలుగురూ పక్కకి వెళ్ళి ఆలోచించారు. ఆలోచించి, తిరిగొచ్చి, మెట్ల మీద వరసగా కూర్చున్నారు.

"ఇంకా పోరేం?"

"మీరు బతికుండగా జరగదన్నారు కదండీ. అందుకని ఆగుతున్నాం" అన్నాడు గవరయ్య.

"మా గురించి తొందరపడకండి మావయ్య గారూ. మీకు ఎప్పుడు వీలైతే అప్పుడే. ఇంకా ఏడే అయింది" అని తాతాలు గడియారం చూపించాడు.

పల్లాలయ్య గారు చేతికర్రతో అరుగు మీద టపటపా కొట్టాడు. ఆ చప్పుడుకి లోపల్నుంచి వరహాలు వచ్చింది. చేతిలో సూది, దారం అలాగే ఉన్నాయి. మెట్ల మీద వరసని చూసింది, తండ్రి మొహం చూసింది, తాడుతో కట్టిన గడియారం చూసింది. నవ్వు వచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. తండ్రి మాటంటే వెనక్కి తీసుకునే మనిషి కాదు. ఈ నలుగురూ లేచే రకం కాదు. తన పెళ్ళి మధ్యలో నలిగిపోతోంది.

ఫోను అడిగి తీసుకుంది. అంతా చూసింది. వాళ్ళతో వాదించడం దండగని ఆమెకి పెళ్ళిచూపుల నాడే తెలుసు.

"ఈ పాత పనులన్నీ ఎవరు వాయించారు?"

"మా నాన్న కొన్ని, మేం కొన్ని."

"గుమాస్తాకి ఎవరూ చెప్పలేదు, అంతేగా? నేను చెప్తాను" అని ఒక్కొక్కటే చూసుకుంటూ అన్నిటికీ 'అయిపోయింది' నొక్కేసింది. నలుగురూ నోళ్ళు తెరుచుకుని చూశారు. గుమాస్తాకి చెప్పొచ్చని వాళ్ళకి తోచనే లేదు.

"మరి మీ నాన్నగారిది?" అన్నాడు గవరయ్య. "అది నిజంగానే అవ్వలేదమ్మా. అబద్ధం నొక్కకూడదు."

"రద్దు చేసేద్దాం."

"అమ్మో! మీ పెదనాన్నగారు పెద్దమనిషి. ఆయన పిలిచిన మేళం ఆయనతో చెప్పకుండా రద్దా?"

పెదనాన్న కాశీ వెళ్ళి ఉన్నాడు. వరహాలు ఒక్క క్షణం ఆలోచించి, తండ్రి దగ్గర కూర్చుంది. "నాన్నా, నీ ఊరేగింపు ఎలా ఉంటుందో చూడాలని నీకెప్పుడూ అనిపించలేదా? పక్కింటి సూరన్న గారు పోయినప్పుడు, 'ఇంత నాసిరకం మేళమా, నాకైతే దుమ్ము లేచిపోవాలి' అన్నావు. ఆ రోజు నువ్వు చూడలేవు కదా. ఇవాళైతే చూడొచ్చు."

పల్లాలయ్య గారు మీసం సవరించుకున్నాడు. కోపం ఉంది, కానీ ఆ మాట ఆయన నిజంగానే అన్నాడు.

"మేళం ఎంతసేపు వాయిస్తారు?" అన్నాడు చివరికి.

"మీరు చాలనేదాకా" అన్నారు నలుగురూ.

ఇంకేముంది! ఆయన్ని వాలుకుర్చీలో కూర్చోబెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, పందిరి వేసేవాళ్ళ చేత మోయించారు. మేళం ముందు నడిచింది. "డ్రమ్ము గట్టిగా కొట్టవోయ్ అల్లుడూ, ఏడుస్తూ కొడితే తాళం తప్పుతుంది" అని కుర్చీలోంచి ఆయన కేకలు. దండ వేసుకుని వెళ్తున్న మనిషిని చూస్తే జనానికి చేతులు వాటంతటవే జోడించుకుంటాయి. గట్టు తగాదాతో ఏళ్ళ తరబడి మాట్లాడని ఎదురింటాయన వాకిట్లోకొచ్చి, "పల్లాలయ్య మంచోడే. నేనే పంతానికి పోయాను" అని కళ్ళు తుడుచుకున్నాడు. కుర్చీలోంచి పల్లాలయ్య గారు చెయ్యి చాపి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఎదురింటాయన కెవ్వున అరిచి, తరువాత నవ్వి, పక్కనే నడిచాడు.

తిరిగి ఇంటికొచ్చేసరికి పల్లాలయ్య గారి కళ్ళు తడిగా ఉన్నాయి. "ఈ మాటలన్నీ నేను పోయాక అనేవాళ్ళు. నాకు వినపడేవా?" అన్నాడు. అని తాతాలు భుజం తట్టాడు. "పెళ్ళి రేపేరా."

వరహాలు 'అయిపోయింది' నొక్కింది. సరిగ్గా అప్పుడే ఫోను టింగ్ మంది. 'రేపు ఉదయం ఏడు గంటలకు తాతాలు గారి పెళ్ళి.' తాతాలు ఆ ఫోనుని కళ్ళకద్దుకున్నాడు.

ఆదివారం పందిట్లో అంతా సవ్యంగానే జరిగింది. తాతాలు పట్టుపంచె కట్టాడు, బాసికం కట్టించుకున్నాడు. జీలకర్ర, బెల్లం అయింది. డ్రమ్ముని మాత్రం పీటల పక్కనే పెట్టించుకున్నాడు, ఒంటరిగా దిగులుపడుతుందని. మంగళసూత్రం చేతిలోకి తీసుకున్నాడు. పురోహితుడు చెయ్యెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడు.

అంతే. వేల పెళ్ళిళ్ళలో ఆ కేక విన్న మనిషి. చేతులు ఆగుతాయా? సూత్రాన్ని పళ్ళెంలో పడేసి, ఒక్క గెంతు గెంతి డ్రమ్ము మెళ్ళో వేసుకున్నాడు. ఆ రోజు వాయించినట్టు తాతాలు జన్మలో వాయించలేదు. పందిరి అదిరిపోయింది. అక్షింతలు పట్టుకున్నవాళ్ళు ఎవరి మీద వెయ్యాలో తెలియక ఒకళ్ళ మీద ఒకళ్ళు వేసుకున్నారు.

"కట్టవయ్యా! ముహూర్తం దాటిపోతోంది!" అని పురోహితుడు.

"గట్టిమేళం అన్నారు కదండీ, నేను ఆపితే ఎవరు కొడతారు?" అని తాతాలు.

వరహాలు లేచింది. తల మీద జీలకర్ర, బెల్లం అలాగే ఉంది. "కర్రలిటివ్వు. నేను కొడతాను, నువ్వు కట్టు." డ్రమ్ము ముందు నిలబడి దబదబా బాదింది. తాతాలు ఆమె వెనక నిలబడి మూడు ముళ్ళూ వేశాడు. తాళం కొంచెం తప్పింది. ముడి మాత్రం ఒక్కటీ తప్పలేదు. పల్లాలయ్య గారు పంచె కొంగుతో కళ్ళొత్తుకున్నాడు. నేనైనా అంతేనండి, అక్కడుంటే.

భోజనాలయ్యాయి. గవరయ్య ఫోను తీసి, తాతాలు పెళ్ళి మీద 'అయిపోయింది' అని నొక్కాడు. కింద చూశాడు. ఇంకేమీ లేదు.

"పనంతా అయిపోయింది. బండెక్కండి" అన్నాడు.

అచ్చియ్యమ్మ తాళాలు సర్దింది. పోసిబాబు బాకా తుడిచాడు. ఆఖరి పంక్తిలో భోంచేసిన తాతాలు చెయ్యి కడుక్కుని, డ్రమ్ము భుజానికెత్తుకుని, ఎప్పటిలాగే బండెక్కాడు. ట్రాలీ ఆటో వెలగలమెట్ట దారి పట్టింది.

సగం దారిలో గవరయ్యకి ఏదో వెలితిగా అనిపించింది. "అన్నీ ఉన్నాయా? ఏమైనా మర్చిపోయామా?"

"క్లారినెట్టుంది. బాకా ఉంది. తాళాలున్నాయి. గడియారం ఉంది" అన్నాడు పోసిబాబు.

తాతాలు డ్రమ్ము తడిమి చూసుకుని గుండె బాదుకున్నాడు. "అన్నయ్యా! కర్రలు మర్చిపోయాం!"

బండి వెనక్కి తిప్పారు. కొత్తలంకలో పల్లాలయ్య గారి గుమ్మంలో వరహాలు పెట్టె పక్కన పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. కర్రలు రెండూ చేతిలో బిగించి పట్టుకుంది. బండి వెళ్ళిపోతుంటే చుట్టాలంతా గోల పెట్టారట. "కర్రలు నా దగ్గరున్నాయి, వస్తారు" అని ఆమె కదలలేదట.

తాతాలు దిగి, "కర్రల కోసం వచ్చామండి" అన్నాడు సిగ్గుపడుతూ.

"ఇవ్వను. నా చేతిలోంచి వదలను" అంది వరహాలు.

తాతాలు బిక్కమొహం వేసి అన్న వైపు చూశాడు. "వదలదంట అన్నయ్యా. ఎలా?"

గవరయ్య గడ్డం నిమురుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "చేతిలోంచి వదలకపోతే, చేత్తో సహా తీసుకుపోదాం."

"చెయ్యి ఒక్కటే ఎలా వస్తుంది బావా?"

"మనిషితో సహా తీసుకుపోదాం!"

ఇంత తెలివి ఒక్క బుర్రలో ఎలా పట్టిందా అని ముగ్గురూ గవరయ్యని అలా చూస్తుండిపోయారు. గడియారాన్ని ఒళ్ళో పెట్టుకుని వరహాలుకి చోటిచ్చారు. తాతాలు ఆమె పక్కన ఒదిగి కూర్చుని, కర్రలు దొరికాయన్న ఆనందంతో దారంతా నవ్వుతూనే ఉన్నాడు. వరహాలు కూడా నవ్వుతూనే ఉంది, ఎందుకో మాత్రం చెప్పలేదు.

ఇంటి గుమ్మంలో అచ్చియ్యమ్మ గబగబా ముందు దిగి, హారతి పళ్ళెం వెలిగించి తెచ్చింది. కర్రల చుట్టూ మూడుసార్లు తిప్పింది, రెండిటికీ బొట్టు పెట్టింది.

"తప్పిపోయి తిరిగొచ్చారు నా తల్లులు. కుడికాలు ముందు పెట్టి లోపలికి రండమ్మా" అంది వాటితో.